ఒక దీర్ఘం తక్కువైన ఇనుము

రాయగడలో కరెంటు పోయిన సాయంత్రం.
మా వీధరుగు మీద ఆరుగురు పిల్లలు, రెండు చార్జింగ్ లైట్లు.
నాగావళి వైపు నుంచి తడిగాలి,
కాగితం మిల్లు వైపు నుంచి మురిగిన గుడ్డు వాసన.
"గంధకం" అంటాను, ముక్కు మూసుకోకుండా.
పాఠం మొదలైనట్టే.

నేను మాస్టార్ని కాను.
ముప్ఫై ఒక్కేళ్లు హైస్కూలు లాబ్‌లో సీసాలు కడిగాను.
ఏ ఆమ్లం ఏ మూతని కొరుకుతుందో
నా చేతి మచ్చలు చూసి చెప్పగలను.
లెక్కలు మాత్రం దొంగతనంగా నేర్చుకున్నాను,
తలుపు చాటున పరీక్షనాళికలు ఆరబెడుతూ.

పిల్లల పుస్తకం ఒడియాలో, ఇంటి మాట తెలుగులో.
ఉదజని ఉదజాన, ఆమ్లజని అమ్లజాన,
అంతవరకూ అన్నదమ్ముల పిల్లల్లా పోలికలు కలుస్తాయి.
నత్రజని దగ్గరికొచ్చేసరికి
జబఖ్యారజాన అని అంత పొడుగు పేరు,
గుమ్మంలో తల తగిలించుకుంటుంది.
లింగా మండాంగి ఇంట్లో కువి మాట్లాడతారు.
వాడికి రెండూ పొరుగూరి పేర్లే. నవ్వి ఊరుకుంటాడు.

అందుకే నాకు సంకేతాలిష్టం.
పలక మీద Na అని రాస్తే
మజ్జిగౌరి "నా" అంటుంది, నాది అన్నట్టు.
బిజయ్ కూడా "నా" అనే అంటాడు, కాదు అన్నట్టు.
సోడియం కిరోసిన్‌లో మునిగి
ఇద్దరికీ పలకదు.

సమీకరణానికి ఒకటే కట్టుబాటు:
కింద కూర్చున్న చిన్న అంకెను ముట్టుకోకూడదు.
ముట్టుకుంటే పదార్థమే మారిపోతుంది.
ముందు నిలబడే అంకె మీ ఇష్టం.
ఎంతమంది అని అడగొచ్చు,
మీరెవరు అని మాత్రం మార్చకూడదు.

నాలుగు ఇనుములు, మూడు జతల ఆమ్లజని,
బాణం దాటితే రెండు తుప్పులు.
మజ్జి వేళ్లు మడిచి లెక్కపెట్టి
సంతలో చిల్లర సరిపోయినట్టు ఊపిరి వదిలింది.

"యాభై ఆరు గ్రాముల మేకులు
పూర్తిగా తుప్పు పడితే బరువెంత?"
"తగ్గిపోద్ది."
"ఎలగ?"
"మా అయ్య పానాల పెట్టి సూడండి.
మిల్లులోంచి తీసీసిన కాణ్ణించి పెరట్లోనే ఉంది.
ముట్టుకుంటే రాలిపోతాది.
రాలిపోయింది తగ్గదేటి?"

లెక్క చేయించాను. ఎనభై వచ్చింది.
చెరిపి మళ్లీ చేసింది. ఎనభయ్యే.
పెన్సిల్ కొరుకుతూ చాలాసేపు కూర్చుంది.
"మిగతా ఇరవై నాలుగూ ఎవుళివి మాస్టారూ?"
"గాలివి."
"ఊరికే పడుంటే బరువెక్కిపోద్దా?"
అవునన్నాను.
రాలినవి కూడా ఏరి తూస్తే.

మొన్న పరీక్ష కాగితం తెచ్చింది.
ఒడియాలో ఇనుము లుహా. కన్నీరు లుహ.
తొందరలో దీర్ఘం మర్చిపోయింది.
"కన్నీటిని తడిగాలిలో వదిలేస్తే
ఆమ్లజనితో కలిసి తుప్పు పడుతుంది,
బరువు పెరుగుతుంది" అని
గుండ్రటి అక్షరాల్లో, గీత తప్పకుండా.
ఎర్రసిరా అర మార్కు కోసింది.
నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను.
మార్కులేసే చెయ్యి కాదు నాది.
దీర్ఘం పెట్టి ఇచ్చేశాను.

ఆదివారం ఒక పొట్లంతో వచ్చింది.
పెట్టె చుట్టూ రాలిందంతా చీపురుతో ఊడ్చి,
మట్టితో సహా.
"తూసీయండి."
స్కూలు పారేసిన త్రాసులో పోశాం.
ముల్లు ఊగి ఊగి ఆగింది గానీ
అందులో మట్టెంతో, గాలెంతో, వాళ్లయ్యెంతో
ఏ లెక్కకి అందుతుంది?

లింగా జేబులోంచి పగిలిన స్పీకర్ అయస్కాంతం తీశాడు.
కాగితం కింద మెల్లగా జరిపాడు.
ఎర్రపొడి కదల్లేదు. అది ఇప్పుడు ఇనుము కాదు,
ఎవరు పిలిచినా రాదు.
అడుగున ఎక్కడో కొన్ని నల్ల నలకలు మాత్రం
లేచి, కాళ్లమీద నిలబడ్డాయి.

"అయి ఇంకా పట్టనివా?" అంది మజ్జి.
లైటు దగ్గరికి లాగి
లెక్కపెడుతున్నాం.